అరివేణి కుండల మీద నల్లచారలు

తిరుమలమ్మ అవ్వ దేన్నైనా నమ్మాలంటే ముందు దాన్ని వేలి కణుపుతో కొట్టి చూడాలి. కుండైనా అంతే, పుచ్చకాయైనా అంతే, కొత్తగా వచ్చిన గ్యాసు సిలిండరైనా అంతే. మనవళ్ళ తలలు, మనవరాళ్ళ తలలు కూడా ఆ పరీక్షకు నిలబడినవే. "పైన గట్టిగానే ఉండాది, లోపలే ఏమీ లేదు" అని అందరికీ ఒకటే తీర్పు.

ఆమెకు డెబ్బై ఏళ్ళు. ఆధార్ కార్డులో అరవై రెండు. మిగతా ఎనిమిదేళ్ళు ఎక్కడ పోయాయని అడిగితే, "ఆ రాసినోడు నా మొగం సూసి రాసినాడు, నన్నేం అడగలేదు" అంటుంది.

ఇల్లు ఏర్పేడు నుంచి మూడు మైళ్ళు లోపలికి, కుమ్మర వీధిలో. పేరుకే కుమ్మర వీధి. పక్కింటివాళ్ళు బావులకు సిమెంటు ఒరలు పోస్తారు, ఎదురింటివాళ్ళు ఇడ్లీ కొట్టు పెట్టుకున్నారు. మట్టిని పట్టుకుని వేలాడుతున్నది అవ్వ ఒక్కతే. ఆ పట్టుకోవడం కూడా ముఖ్యంగా అరివేణి కుండల కోసం.

ఆ పక్క ఊళ్ళలో పెళ్ళికి ముందురోజు పెళ్ళివాళ్ళు మేళంతో కుమ్మరింటికి వస్తారు. రంగులేసిన కొత్త కుండలకు పసుపు కుంకుమ పెట్టి, పందిట్లోకి మోసుకుపోతారు. అవే అరివేణి కుండలు. మేళం రాకుండా అవి కుమ్మరింటి గడప దాటవు. ఎంత పెద్ద రైతైనా ఆ పూట అవ్వ గడప ముందు నిలబడి "కుండలియ్యి తల్లీ" అనాల్సిందే. అవ్వ వెంటనే ఇవ్వదు. తల దువ్వుకునే పని ఒకటి అప్పుడే గుర్తొస్తుంది. మేళగాళ్ళు ఇంకో పాట వాయించాలి. అప్పుడు బయటికి వచ్చి, వాళ్ళిచ్చే టెంకాయ, తాంబూలం, జాకెట్టు గుడ్డ తీసుకుని కుండ చేతికిస్తుంది. ఆ గుడ్డల్లో ఒక్కటీ కుట్టించుకోలేదు. అన్నీ రేకుపెట్టెలో ఉన్నాయి. ఏ గుడ్డ ఏ పెళ్ళిదో, ఆ పెళ్ళిలో డోలు వాయించినవాడు ఎక్కడ తాళం తప్పాడో కూడా చెబుతుంది.

అవ్వ భర్త పెంచలయ్య తాత ఉన్నప్పుడు ఆయన సారె తిప్పి, ఆ చక్రం మీద కుండ తీసేవాడు. అడుగు లేని కుండను అవ్వ అందుకుని, లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి కొట్టి అడుగు మూసేది. రంగులు కూడా ఆమే. ఆ ఇంట్లో ఆడవాళ్ళు సారె ముట్టరు. తాత పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పటి నుంచి అవ్వ పుత్తూరు సంతలో కాల్చిన కుండలు కొనుక్కొచ్చి, సున్నం కొట్టి, జాజు అనే ఎర్రమట్టితో చారలు వేసి ఇస్తోంది. పోయిన ఏడాది ఆమె గడపకు మేళం రెండంటే రెండుసార్లు వచ్చింది.

రెండేళ్ళ కిందట మనవరాలు లోహిత వచ్చి ఆ ఇంట్లో చేరింది. అవ్వ కొడుకు, చిత్తూరులో మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే మునిశేఖర్ కూతురు. కాలేజీలో మట్టిపనే చదువుకుంది. డబ్బులిచ్చి మట్టిపని చదువుకోవడం ఏమిటని అవ్వ వారం రోజులు నవ్వింది. లోహిత పెరట్లో రేకుల షెడ్డు వేసి, మోటారుతో తిరిగే సారె, గ్యాసు బట్టీ పెట్టింది. సంచుల్లో వచ్చే తెల్లమట్టితో కప్పులు, గిన్నెలు, కూజాలు చేసి, గాజుపూత పట్టే గ్లేజులో ముంచి, చెరువు మట్టి చూడనంత వేడిలో కాలుస్తుంది. అవి గాజులా మెరుస్తూ వస్తాయి. కొన్ని ఆకుపచ్చవి, కొన్ని నీలివి, కొన్ని చింతపండు రసం రంగువి. ఆదివారం పూట ఏర్పేడు దగ్గరి కాలేజీ క్యాంపస్ పిల్లలు వచ్చి కొంటారు.

అవ్వ మొదటి కూజాను కణుపుతో కొట్టింది. అది గుడి గంటలా మోగింది.

"శబ్దం బాగుండాది. నీళ్ళు తాగుతాదా?"

"తాగదవ్వా. గ్లేజు ఉండాది గదా, చుక్క కూడా పీల్చదు."

"చెమట పట్టదా?"

"పట్టదు."

"చెమట పట్టనిది కుండెట్లయితాదే? అది కలెక్టరు" అని అవ్వ కూజాను కింద పెట్టేసింది. అయినా రోజూ షెడ్డులోకి పోయి కూర్చునేది. కుండలను గ్లేజులో ముంచడం, అడుగు తుడవడం నేర్చుకుంది. ఎవరైనా అడిగితే మాత్రం, "పిల్లకి తోడుగా కూసుంటాండా" అనేది.

వేసవి మొదట్లో తిరుపతి నుంచి మోహన్ వచ్చాడు. కల్యాణమండపాల్లో పూలు, స్టేజీ అలంకరణ చేసే మనిషి. రెండు పెద్దవి, మూడు చిన్నవి, మూతలతో సహా గ్లేజు అరివేణి కుండలు కావాలన్నాడు. మొదటి సెట్టు బాగుంటే ఇంకో ఐదు సెట్లు.

"ఒగసారి చేస్తే పదేండ్లు వాడుకోవచ్చవ్వా. కడిగి పెట్టుకుంటే మళ్ళా పెళ్ళికి వస్తాయి."

"ఒకరి పెళ్ళికుండ ఇంకొకరి పెళ్ళికా?"

"షామియానా వాడటం లేదా?"

"పెండ్లికొడుకుని గూడా అట్నే బాడుగకి ఇస్తాండారా నాయనా?"

మోహన్ నవ్వాడు. లోహిత అవ్వ కాలు తొక్కింది. అవ్వ నోరు మూసుకుంది.

నోరు మూసుకుంది గానీ లెక్క ఆమెకు అర్థమైంది. తిరుపతిలో ఒకే సెట్టు కుండలను కడిగి కడిగి వాడుతుంటే, ఇక ఈ గడపకు మేళం ఎవరు తెస్తారు? ఈ ఏడాది రెండు, వచ్చే ఏడాది ఒకటి, ఆ తర్వాత రేకుపెట్టె తాళం తీసే పనే ఉండదు. పరాయివాళ్ళతో అయితే వీధిలోకి వచ్చి కొంగు బిగించి పోట్లాడేది. ఎదురుగా ఉన్నది లోహిత. ఇంత పెద్ద పని ఆ పిల్లకు ఇదే మొదటిసారి. ఇది నిలబడకపోతే మునిశేఖర్ కూతుర్ని ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చోబెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు.

రెండు రోజులు ఆలోచించి అవ్వ ఒకటే మాట అంది.

"చారలు మాత్రం నేనేస్తా."

లోహిత సరేనంది. అంత తిన్నగా చార గీయడం ఆమెకూ చేతకాదు. అవ్వ ఈతపుల్ల కొస నమిలి కుంచె చేసుకుంటుంది. కుంచె కదలదు, కుండే తిరుగుతుంది. మెడ చుట్టూ మూడు చారలు, వాటి కింద చుక్కలు.

కుండలు ఒకసారి కాలి, తెల్లగా, గరుకుగా, రంగుకు సిద్ధంగా ఉన్నాయి. ఆ పొద్దున లోహిత సిలిండరు కోసం తిరుపతి పోతూ, "ఇదో అవ్వా, ఈ బూడిద రంగు డబ్బాలోది పూయి. ఆరినాక ఆ పాల మాదిరి ఉండే గ్లేజులో ముంచు. నేనొచ్చి బట్టీలో పెడతా" అని చెప్పి పోయింది.

అవ్వ కుంచె నమిలి, మూత తీసి చూసింది. నిజంగానే బూడిద. పక్క డబ్బా మూత తీసింది. అందులో జాజులాంటి చిక్కటి ఎరుపు. అవ్వకు నవ్వొచ్చింది. పాపం, పిల్ల బస్సు తొందరలో డబ్బా మార్చి చూపించింది. పెళ్ళికుండకు బూడిద పూస్తారా ఎక్కడైనా? యాభై ఏళ్ళుగా ఆమె ఎరిగిన సంగతే: ఎర్రమట్టి మంటలో పడితే ఇంకా ఎర్రబడుతుందే తప్ప రంగు మారదు. మనవరాలి తప్పు బయటపెట్టి చిన్నబుచ్చడం ఎందుకని, చప్పుడు చేయకుండా తానే సరిదిద్దింది. ఐదు కుండలకూ ఎర్రటి చారలు వేసింది. ఆరినాక పాలలాంటి గ్లేజులో ముంచింది. చారలు కనబడకుండా పోయి, అన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. "ఇంత బాగా ఏసింది మళ్ళా మూసిపెట్టడమెందుకో" అని సణిగింది.

కుంచెలో ఇంకా కాస్త రంగు మిగిలింది. దానితో ఇంకో పని కూడా చేసింది. అదేమిటో లోహితకు చెప్పలేదు.

లోహిత వచ్చి తెల్లటి కుండలు చూసి, బాగున్నాయని, పెద్దవాటిని పై అరలో పెట్టింది. "కింద అరలో ఇంకా చోటుంది, నీ చిన్న గిన్నెలు నేను సర్దుతాలే" అంది అవ్వ. మర్నాడు కాల్చారు. ఇంకో రోజు చల్లారనిచ్చారు. సోమవారం పొద్దున బట్టీ తలుపు తీశారు.

కుండలు మల్లెపూవులా తెల్లగా మెరుస్తున్నాయి. మెడల చుట్టూ మూడేసి చారలు, కింద చుక్కలు, దారం పట్టి గీసినంత తిన్నగా ఉన్నాయి. అన్నీ కాటుక నలుపు.

లోహిత ఒక కుండను బయటికి తీసి, వెలుతురులో తిప్పి చూసింది.

"అవ్వా, ఏ డబ్బాలోది పూసినావ్?"

"ఎర్రదే పూసినానే! ఇదేంది, ఇట్లయింది?"

"నేను బూడిదది పూయమంటి గదా? అదే మంటలో ఎర్రగా వచ్చేది. ఆ ఎర్రదాంట్లో అంతా ఇనుమే, ఈ వేడికి నల్లగా అయిపోతాది."

"బూడిద పూస్తే ఎరుపెట్లొస్తాదే? నువ్వు తప్పు జెప్పినావనుకున్నా. గమ్మున సరిజేసినా."

"సరిజేసినావా? కావాలనే చేసినావ్. మోహనన్న వచ్చిన రోజు నుంచి నీకు కడుపుమంట. కుండలు కడిగి వాడుకుంటారంటే నీ మేళం పోతాదని!"

మేళం సంగతి నిజమే కాబట్టి ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది. అవ్వ లేచి నిలబడింది.

"మేళం పోతాదని ఏడుపుండాది. లేదన్లే. దానికోసరం పెండ్లికుండకి నలుపు పూస్తానా నేను? ఎవరి పిల్లో ఏమో, ఆ పిల్ల పెండ్లికి?"

ఇంకేమీ అనకుండా పెరట్లోకి పోయి చింతచెట్టు కింద కూర్చుంది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. అవ్వ ఉపవాసమంటే బెల్లంముక్క, రెండు అరటిపళ్ళు, వేరుశెనగలు లెక్కలోకి రావు. ఆ రోజు అవి కూడా తినలేదు. వక్క వేసుకుని, తమలపాకు తీసి, సున్నం లేకుండా ఉత్త ఆకే నమిలింది.

లోహిత షెడ్డులో కోపంగా కింద అర ఖాళీ చేస్తోంది. చిన్న గిన్నెల వెనక, తాను చేయనిది ఒకటి కనిపించింది. పిడికిలంత గురిగి. అవ్వ సున్నపు గురిగి. పెళ్ళయిన ఏడాది తాత ఆమెకు చేసిచ్చినది, యాభై ఏళ్ళుగా ఆమె బొడ్డు నుంచి వేరు కానిది. దాన్ని కూడా మెరిసేటట్టు చేసుకుందామని అవ్వ లోపలి సున్నం కడిగి, మూడు చారలు గీసి, గ్లేజులో ముంచి, గుట్టుగా గిన్నెల వెనక పెట్టింది. అది చెరువు మట్టిది. అంత వేడి తట్టుకోలేక మెత్తబడి, ఒక పక్కకు ఒరిగి, బట్టీ పలకకు అతుక్కుపోయింది. మెడ చుట్టూ మూడు చారలు, నల్లగా.

కావాలని చెడగొట్టేవాళ్ళు తమ సున్నపు గురిగికి కూడా అదే రంగు పూసుకోరు. ఆ సంగతి తట్టగానే లోహిత ముఖం చిన్నబోయింది. ఉలి తెచ్చి, అరగంట కష్టపడి గురిగిని పలక నుంచి ఊడదీసి, తీసుకెళ్ళి అవ్వ ఒళ్ళో పెట్టింది.

అవ్వ దాన్ని తిప్పి చూసింది. కణుపుతో కొట్టింది. 'టక్' అంది, మొద్దులా.

"తప్పయింది అవ్వా."

"ఎవరిదైతే ఏమిలే" అని అవ్వ దాన్ని నేల మీద నిలబెట్టింది. అది పక్కకు వాలి నిలబడింది. "మీ తాత గూడా ఇట్నే నిలబడేటోడు, ఏటవాలుగా. ఎన్నిసార్లు జెప్పినా వినలే."

లోహిత నవ్వలేక నవ్వింది. అవ్వ బెల్లంముక్క అడిగింది.

పెళ్ళి శనివారం తెల్లవారుజామున. తెల్లమట్టి కుండలు మళ్ళీ చేసి, రెండుసార్లు కాల్చడానికి వ్యవధి లేదు. కొనుక్కొద్దామంటే పుత్తూరు సంత మళ్ళీ ఆదివారమే. లోహిత ఫోనులో చెబితే మోహన్ కాసేపు అరిచి, శుక్రవారం నాలుగింటికల్లా ఏవో ఒక కుండలు కావాలన్నాడు. అవ్వ ఫోను లాక్కుంది.

"ఉత్త మట్టివి జేసిస్తాం నాయనా. మేళం తీసుకోని రావాల. లేకుంటే ఇయ్యను."

"తెస్తాం అవ్వా, తెస్తాం" అన్నాడు మోహన్, ఏడ్చే పిల్లకు చందమామను తెస్తామన్నట్టు.

తాత పోయినా, చెరువు మట్టిని తొట్టిలో నానబెట్టడం అవ్వ మానలేదు. సారె మీద కుండ తీసే మగమనిషి మాత్రం లేడు. ఆ ఇంట్లో ఆడవాళ్ళు సారె ముట్టరు. కప్పులు, గ్లేజు కుండలంటే సరే, ఇవి మేళంతో గడప దాటే అరివేణి కుండలు. తాత సారె వైపు చూసింది అవ్వ. దాని మీద కోడి పొదుగుతోంది. లోహిత యంత్రం వైపు చూసింది.

"అది సారె కాదులే, మోటారు. కూసో" అంది.

లోహిత కూర్చుంది. ఆమె చెయ్యి తెల్లమట్టికి అలవాటు పడినది. ఈ మట్టి ఇసుక కలిసి గరుకుగా ఉంది, చెప్పిన మాట వినడం లేదు. మొదటిది కూలింది. రెండోది నిలబడింది గానీ రోకలిబండంత మందం. అడుగు మూయబోతే అవ్వ చెయ్యి పట్టుకుంది.

"అడుగు నాది. నువ్వు మూతి సూసుకో."

నీడన కాస్త ఆరనిచ్చి, సాయంత్రానికి అవ్వ ఒక్కొక్కటి ఒళ్ళోకి తీసుకుంది. లోపల గుండ్రాయి, బయట చెక్క. టపటపమని కొడుతుంటే మందమంతా కిందికి సాగి, అడుగు దానంతటదే మూసుకుంటూ వచ్చింది. మొద్దులా ఉన్న కుండ బుడగలా గుండ్రమైంది. లోహిత తానూ ఒకటి పట్టింది. నాలుగో దెబ్బకే చెక్క లోపలికి దిగింది.

"కోపంగా కొట్టగాకే. నిద్రపోయే బిడ్డని జోకొట్టినట్టు కొట్టు."

"బిడ్డని చెక్కతో కొడతారా?"

"మీ నాయన్ని కొట్నా. అందుకే ఫ్యాక్టరీకి పోతాండాడు."

మంగళవారం, బుధవారం ఎండ కుండలకు బాగా పనికొచ్చింది. గురువారం, తాత కుండలు కాల్చిన పాత ఆవంలో తాటాకు, పిడకలు పేర్చి కాల్చారు. శుక్రవారం పొద్దున తీస్తే ఒకటి పగిలింది. అలా జరుగుతుందని ముందే తెలిసి ఆరు చేశారు. మిగతా ఐదింటినీ అవ్వ వరసగా కొట్టి చూసి తల ఊపింది. సున్నం కొట్టి, జాజుతో మూడు చారలు, పసుపుతో చుక్కలు వేసింది. ఈసారి ఎరుపు ఎరుపుగానే ఉంది. ఎందుకైనా మంచిదని లోహిత రెండుసార్లు అడిగింది. అవ్వ ఆ పిల్ల తలమీద ఒక మొట్టికాయ వేసింది.

నాలుగింటికి మినీలారీ వచ్చింది. దాంట్లోంచి మునికుమార్ అనే డ్రైవరు ఒక్కడే దిగాడు. చేతిలో ఫోను, భుజాన కొత్త తువ్వాలు.

"కుండలు యాడుండాయి అవ్వా? బిరీనా ఎక్కిద్దాం."

అవ్వ గడప మీద కూర్చుంది.

"మేళం యాడ?"

"మేళమా? వాళ్ళు ఆడ మండపంలో ఉండారు. ఈడిదాకా ఎవరొస్తారు?"

"అయితే కుండలు గూడా ఈడే ఉంటాయి."

మునికుమార్ లోహిత వైపు చూశాడు. లోహిత ఈసారి అవ్వ కాలు తొక్కలేదు. వచ్చి గడప మీద రెండో పక్క కూర్చుంది. వాడు మోహన్‌కు ఫోను చేశాడు. మోహన్ అటు నుంచి అరిచాడు. అవ్వకు వినబడింది, వినబడనట్టు తల దువ్వుకోవడం మొదలుపెట్టింది.

"నా పని పోతాదవ్వా."

"నువ్వు మంచోడివే నాయనా. మేళం లేకుండా కుండ ఈ గడప దాటితే, ఇంక ఎవరు గూడా తేరు. రేపు ఇంకోడొచ్చి, మొన్న వాళ్ళకి ఊరకే ఇచ్చినావు గదా అంటాడు. ఏం జెప్పాల?"

మునికుమార్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. లారీ ముందు పెద్ద స్పీకరు ఉంది, వారమంతా లారీని అద్దెకు తీసుకున్న మామిడికాయల వాడు కట్టుకున్నది. దాన్ని చూసి వాడి ముఖం వెలిగింది.

"అవ్వా, ఫోన్లో పెడితే మేళం అవుతాదా?"

అవ్వ ఆలోచించింది. మోటారును సారె కాదని ఒప్పుకున్న మనిషి, స్పీకరును మేళమని ఒప్పుకోకూడదా?

"గట్టిగా వినపడాల. వీధంతా."

మునికుమార్ ఫోను స్పీకరుకు తగిలించాడు. ముందు ఇళ్ళ స్థలాల ప్రకటన వచ్చింది. తిరుపతికి పది నిమిషాల దూరంలో, రోడ్డు పక్కనే, నీటి సౌకర్యంతో అని ఒక మనిషి వీధంతా దద్దరిల్లేలా అరిచాడు. అవ్వ పెద్ద కుండను చంకనెత్తుకుని, ఆ మనిషి అయిపోయేదాకా ఓపిగ్గా నిలబడింది. తర్వాత నాదస్వరం అందుకుంది. డోలు కలిసింది. ఎదురింటి ఇడ్లీ కొట్టావిడ చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చి, పెళ్ళివాళ్ళు ఎక్కడని చూసి, ఎవరూ కనబడక, అలవాటు కొద్దీ లోపలికి పోయి పసుపు కుంకుమ పళ్ళెం తెచ్చింది. సిమెంటు ఒరల ఇంటి ఆడవాళ్ళు గోడ మీది నుంచి తొంగిచూశారు.

అవ్వ వెంటనే ఇవ్వలేదు. ఇంకో పాట పెట్టమంది.

రెండో పాటకు మునికుమార్ చెప్పులు విడిచాడు. ఎవరూ చెప్పలేదు. తువ్వాలు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, గడప ముందు నిలబడి, "కుండలియ్యి తల్లీ" అన్నాడు. ఆ మాట వాడికి ఎలా తెలుసో! వాళ్ళ అమ్మ ఎప్పుడో అనగా విని ఉంటాడు. అవ్వ మొదటి కుండ వాడి నెత్తిన పెట్టింది. ఐదూ ఎక్కించాక, టెంకాయ, గుడ్డ తేలేదని వాడు నొచ్చుకుని, ఆ తువ్వాలే మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"శ్రావణంలో మా చెల్లెలి పెండ్లి ఉండాదవ్వా, పుత్తూరు పక్కన. మేమొస్తాం. నిజం మేళంతో."

"ఎంతమంది వాయిస్తారు?"

"నలుగురు."

"ఇద్దరు డోలోళ్ళని పిల్సుకోని రా. మీ ఫోన్లో వాడు రెండో పాటలో తాళం తప్పినాడు" అని అవ్వ లోపలికి పోతూ, "మేయ్ లోహితా, శ్రావణానికి మట్టి కావాల. తొట్టి కడుగు" అని కేకేసింది.

మోహన్ తర్వాత ఒక సెట్టు గ్లేజు కుండలు తీసుకున్నాడు, స్టేజీ మీద ఫోటోల కోసం. వాటికీ చారలు అవ్వే వేసింది, బూడిద రంగుతోనే, ముఖం చిట్లించుకుని. ఎర్రగా వచ్చాక, డబ్బాలో ఉన్నప్పుడే ఎర్రగా ఉంటే ఏం పోయేదని అడిగింది. నల్లచారల కుండలు వంటింట్లో ఉన్నాయి. వాటిలో ఆవకాయ, నిమ్మకాయ పెట్టింది. చెమట పట్టనిదానికి అదొక్కటే సరైన పని అంటుంది. సున్నం ఇప్పుడు ఒరిగిపోయిన గురిగిలోనే ఉంది. తీసుకునేటప్పుడు వేలు కాస్త వంకరగా పెట్టాలి.

రేకుపెట్టెలో జాకెట్టు గుడ్డల మీద డ్రైవరు తువ్వాలు ఉంది. ఎవరైనా అడిగితే, అది ఇళ్ళ స్థలాల పెళ్ళిది అని చెబుతుంది.